గుడ్డులో మొసలి పిల్ల ఆడా? మగా? తేల్చేది ఎండే.. నల్లమల మొసళ్లకు ఏప్రిల్ గండం!

ఆత్మకూరు: ఎండాకాలం వచ్చిందంటే ఇటువైపు జనం సంగమేశ్వరం బాట పడతారు. శ్రీశైలం బ్యాక్ వాటర్ తగ్గి, నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్న గుడి బయటపడేది అప్పుడే. సరిగ్గా ఇదే సీజన్‌లో కృష్ణా ఒడ్ల మీద ఇంకో పని కూడా నడుస్తుంటుంది. మొసళ్లు గుడ్లు పెడుతుంటాయి.

నల్లమలలో ఉండేవి మగ్గర్ మొసళ్లు, అంటే మంచినీటి మొసళ్లు. ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య తల్లి మొసలి ఒడ్డున గుంత తవ్వి, పాతిక ముప్పై గుడ్లు పెట్టి మట్టి కప్పేస్తుంది. కోడిలా పొదగదు, కాపలా మాత్రం కాస్తుంది. పొదిగే పని నేల వేడిదే. దాదాపు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి.

మరి ఆ పిల్ల ఆడా, మగా? మనుషుల్లో అయితే క్రోమోజోములు తేలుస్తాయి. మొసళ్లలో ఆడ, మగ తేల్చే క్రోమోజోములే లేవు. గూటిలో ఎంత వేడి ఉందన్నదే లెక్క. చెన్నై దగ్గరి మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ పరిశోధకులు 1989లోనే మగ్గర్ గుడ్ల మీద ఈ సంగతి తేల్చారు. 28 నుంచి 31 డిగ్రీల దాకా అన్నీ ఆడవే. 32.5 దగ్గర మగవి. ఇంకాస్త పెరిగితే మళ్లీ రెండూ కలిసి వస్తాయి. ఆపైన పిండం బతకడమే కష్టం. అంటే మొత్తం కథ రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉంది.

"ఇక్కడ ఎండ 45 దాటుతుంది కదా, గుడ్లు ఉడికిపోవా?" అని డౌట్ రావచ్చు. ఆ 45 గాలి ఉష్ణోగ్రత. అడుగు లోతు మట్టిలో మధ్యాహ్నం వేడి, రాత్రి చల్లదనం అంతగా తెలియవు. కానీ వారాల తరబడి ఎండ కొనసాగి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే నేల లోపల కూడా మెల్లగా కాగుతుంది. ఇంకో ముఖ్యమైన పాయింట్: ఆడా మగా తేలేది పొదిగే కాలంలో మధ్య రోజుల్లో. మార్చిలో పెట్టిన గుడ్లకు అది ఏప్రిల్‌లో పడుతుంది. అందరూ మే ఎండల గురించి మాట్లాడతారు గానీ, ఈ గుడ్లకు అసలు పరీక్ష ఏప్రిల్‌దే.

వేడెక్కితే అన్నీ ఆడపిల్లలే పుడతాయని సోషల్ మీడియాలో తిరిగే మాట సముద్ర తాబేళ్లకు సరిపోతుంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్ల పిల్లల్లో 99 శాతం ఆడవేనని 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది. శ్రీకాకుళం నుంచి కృష్ణా జిల్లా దాకా మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీలదీ అదే రూటు. మొసలి లెక్క వేరు. కాస్త వేడెక్కితే మగవి పెరుగుతాయి, బాగా వేడెక్కితే గూడే పోతుంది. నాగుపాము, ఉడుము లాంటి వాటికి క్రోమోజోములే తేలుస్తాయి కాబట్టి ఆ సమస్య లేదు. గుడ్డు మాడిపోయే ప్రమాదం మాత్రం వాటికీ తప్పదు.

మొసలి జాతి కోట్ల ఏళ్లుగా ఎన్నో వేడి కాలాలు చూసింది, నిజమే. అప్పట్లో ముందుగానే గుడ్లు పెట్టడానికో, నీడ ఉన్న చోటు వెతుక్కోవడానికో దానికి టైమ్ దొరికింది. ఇప్పుడు వేడి పెరిగే స్పీడే వేరు. పైగా నీడనిచ్చే ఒడ్డు, గుంత తవ్వడానికి మెత్తటి మట్టి మిగలాలి. ఒడ్డున చెట్లు కొట్టేసి, ఇసుక తోడేస్తే తల్లి మొసలి ఎక్కడికి పోవాలి?

తీరంలో తాబేలు గుడ్లను హేచరీల్లో పెట్టి కాపాడుతున్నారు. పులుల లెక్కకు నల్లమల నిండా కెమెరాలు పెడుతున్నారు. మొసలి గూటి పక్కన మట్టిలో ఉష్ణోగ్రత రికార్డు చేసే చిన్న పరికరం పెట్టడం వీటితో పోలిస్తే పెద్ద ఖర్చేం కాదు. ఏ గూడు ఎంత కాగుతోందో తెలిస్తే, ముందు ఎక్కడ నీడ కాపాడాలో కూడా తెలుస్తుంది.

సంగమేశ్వరం వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఒడ్డున తవ్వి కప్పిన గుంత కనిపిస్తే సెల్ఫీ కోసం దగ్గరికి పోవద్దు. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. మగ్గర్ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవి, గుడ్లు ముట్టుకుంటే కేసే. ఫారెస్ట్ సిబ్బందికి చెప్పి పక్కకు వచ్చేయండి.