కిరాయి పడవ, గాలపు వేట: చెరువు పంట ఎవరిది?

వరంగల్లు వారికి సముద్రము దూరమే గాని, సముద్రములో గాలము వేయు వేడుక దూరము కాదు. కాజీపేటలో రైలెక్కి బాపట్లలో దిగి, సూర్యలంక ఒడ్డున ఒక పడవను మాట్లాడుకొని, ఒక పూట వేటకు పోయి రావలెనని ముచ్చటపడువారు మనలో కలరు. అమెరికాలోని హూస్టను నగరములో మన తెలుగువారు వేలమంది ఉన్నారు. ఆ నగరమునకు చేరువనే గాల్వెస్టను అఖాతమున్నది. అక్కడ ఈ వేట పడవవారికొక జీవనోపాధి. ఒక కుటుంబమో, నలుగురు స్నేహితులో కలిసి పడవను మొత్తముగా ఒక పూటకు గాని దినమునకు గాని కిరాయికి తీసికొందురు. వారితో పరాయివారిని ఎక్కించరు. పడవ ఒడ్డు విడిచి దూరము పోదు; తీరము కనుపించు ఉప్పునీటిలోనే తిరుగును. గాలపు కర్రలు, ఎర, మంచుగడ్డలు సాధారణముగా పడవవాడే సమకూర్చును. ఏ వేళ ఏ చేప ఎచట మేయునో అతనికి తెలియును. కిరాయి పుచ్చుకొనునది ఆ తెలివికే. చేప పడినను పడకున్నను కిరాయి కిరాయియే.

ఇట్టి సంగతి వ్యవసాయ పత్రికలో ఏల అని పాఠకులకు తోచవచ్చును. ఇదే వేడుక నేడు మన చెరువు గట్లమీదికి వచ్చినది. ఆదివారమునాడు హనుమకొండ చుట్టుప్రక్కల ఏ చెరువుకు పోయినను, పట్టణమునుండి మోటారు సైకిళ్ళపై వచ్చిన యువకులు గాలపు కర్రలు పట్టుకొని నిలిచియుందురు. కొందరు గట్టున నున్న తెప్పనడిగి నీటిలోనికి పోవుచున్నారు. ఎవరినడిగి పోవుచున్నారు? పట్టిన చేపకు ఎవరికి లెక్క చెప్పుచున్నారు? ఎవరికిని కాదు. ఈ వేడుకను మాన్పించవలెనని నా అభిప్రాయము కాదు. మన చెరువులలో కిరాయి పడవ వేట రావలెను. కాని ఆ పడవ ఆ చెరువు మత్స్యకారుల సహకార సంఘముది కావలెను, ఆ కిరాయి సంఘము ఖాతాకు చేరవలెను. ఈ ఒక్క మాట చెప్పుటకే ఈ వ్యాసము.

రైతు సోదరులారా, చెరువులోని చేప ఎవరును విత్తకయే పండునది అని మనలో చాలమంది అనుకొందురు. అది పొరపాటు. బొచ్చె, రోహు, ఎర్రమోసు అను మూడు రకములు నిలువ నీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వరద పారు నదిలోనే వాటి సంతానోత్పత్తి. కనుక వానలకు చెరువు నిండిన తరువాత ఏటేట పిల్లలను తెచ్చి విడువవలసినదే. తెలంగాణములో ప్రభుత్వము 2016–17 నుండి ఈ పిల్లలను ఉచితముగా ఇచ్చు పథకమును చేపట్టినది. పిల్లలు ఉచితమైనను కావలి ఉచితము కాదు. అలుగు దగ్గర చేప కొట్టుకొని పోకుండ చూచుట, దొంగ వలలను కనిపెట్టుట, తూటాలు పేల్చువారిని, మందు కలుపువారిని అడ్డుకొనుట సంఘము సభ్యుల పనియే. నీటిలో ప్రేలుడు పదార్థములు, విషము వాడి చేపలను చంపుట 1897 నాటి మత్స్య చట్టము ప్రకారము నేరము. ఐనను రాత్రివేళ కాపు కాయువాడు లేనిదే చట్టము చెరువులోనికి దిగి రాదు.

మీ పొలము గట్టున ఒక పట్టణవాసి కారు ఆపి, సరదాగా నాలుగు వరి పనలు కోసి, కారులో వేసికొని పోవుచుండగా మీరు చూచుచు ఊరకుందురా? రెండు కిలోల రోహు కూడ ఒక పంటయే. విడిచినపుడు అది బొటనవ్రేలంత. ఆ పెరుగుదల చూచి అప్పు తెచ్చుకొన్న ఇల్లొకటి ఆ ఊరిలో ఉండును.

గాలమునకు దొరకు నాలుగు చేపలతో సంఘము మునిగిపోవునా అని అడుగువారున్నారు. మునిగిపోదు. అయితే నేను చూచునది నష్టము వైపు మాత్రమే కాదు, రాబడి వైపు కూడ. సంఘమునకు ముఖ్యమైన ఆదాయము వేసవిలో వచ్చును. యాసంగి పంటకు నీరు పారి చెరువు అడుగంటగానే అందరును ఒక్కసారే వలలు వేయుదురు. అన్ని చెరువుల చేప ఒకే నెలలో అంగడికి వచ్చి ధర పడిపోవును. వ్యాపారి చెప్పినదే ధర. కార్తికము మొదలు మాఘము వరకు చెరువు నిండుగా నుండును, చేప ఇంకను ఎదుగుచుండును, వలకు పని తక్కువ. మత్స్యకారుల ఇండ్లలో చేతిలో పైస ఆడని కాలమదియే. పట్టణవాసులకు చలికాలపు సెలవులు, ఎండ లేని పగళ్ళు, చెరువు నిండ వలస పక్షులు నున్న కాలమును అదియే. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన పిదప ఆ దారిన పోవు యాత్రికులను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. వల ఖాళీగా నుండు ఆ నెలలలో పడవ ఎందుకు ఖాళీగా నుండవలెను?

ఇక ఏ చేపకు ఏ గాలము అను సంగతి. పట్టణమునుండి వచ్చినవానికి చెరువంతయు ఒకటే నీరు. మత్స్యకారునికి అది మూడంతస్తుల మేడ. బొచ్చె నోరు పైకి తిరిగియుండును, అది పై నీటిలో మేయును. రోహు నడిమి నీటిలోను, ఎర్రమోసు, బంగారు తీగ అడుగు బురదలోను మేయును. ఉడికించిన పిండిముద్ద రోహుకు, బంగారు తీగకు పనికివచ్చును. వానపాము అడుగున తిరుగు జెల్లలకు మంచి ఎర. వాలుగకు చిన్న చేపను గుచ్చవలెను. బెండు మునిగిన తీరును చూచి ఏ చేప ముట్టినదో చెప్పగల పెద్దలు ప్రతి సంఘములోను నలుగురైన నుందురు. వారి తెలివికి నేటివరకు ఎవరును వెల కట్టలేదు. గాల్వెస్టనులో పడవవానికి ముట్టునది ఈ తెలివికేనని పైన చెప్పితిని గదా!

కొర్రమీను సంగతి వేరు. అది మన రాష్ట్ర చేప. అంగడిలో దాని ధర తక్కిన చేపలకు అందనంత ఎక్కువ. గాలము వేయువారందరును కోరునది అదియే. అది మన చెరువులలోనే పిల్లలను పెట్టును. వానకాలమున నాచు, గడ్డి నున్నచోట కొంత జాగ శుభ్రము చేసికొని గ్రుడ్లు పెట్టి, తల్లిదండ్రులు రెండును కాపు కాయును. పిల్లలు ఎర్రగా గుంపుగట్టి నీటిపైకి వచ్చి పోవుచుండగా పెద్ద చేప క్రిందనే తిరుగుచుండును. ఆ సమయమున దగ్గరకు వచ్చిన దేనినైనను అది కరచును. కప్పపిల్లను గుచ్చి ఆ గుంపు ప్రక్కన వేసినచో చేతగానివానికి కూడ చేప పడును. ఆ ఒక్క చేపను పట్టినచో కాపులేని పిల్లలను తక్కిన చేపలు తినివేయును. దానిని వేట అనుటకు నాకు నోరు రాదు. కనుక జూన్ మొదలు సెప్టెంబరు వరకు కొర్రమీను గాలమును సంఘమే మూయవలెను. ఆంధ్ర తీరమున చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిలిపివేయుచున్నారు. వేసవి సెలవులకు సూర్యలంక పోవువారు ఈ సంగతి ఎరిగి, ఆ దినములలో పడవవానిని బలవంతపెట్టకుందురు గాక. అంత సముద్రమునకే విరామమున్నపుడు మన చెరువునకు ఉండరాదా?

పట్టిన చేపను మరల నీటిలో విడిచివేసిన దోషము లేదని కొందరి వాదము. చల్లని దేశములలో అది చెల్లును. మన ఏప్రిల్ ఎండలో వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువ. గాలముతో పెనుగులాడి అలసిన చేపను, పొడి చేతులతో పట్టి, ఫోటో దిగి, పొలుసులు రాలిన తరువాత విడిచినచో అది సాయంత్రమునకు ఒడ్డున తేలును. అంతకంటె పట్టినదానిని తూచి, గట్టుమీది ధర చెల్లించి తీసికొనిపోవుట మర్యాద. రెండు మూడు చేపలకు మించి పట్టరాదని హద్దు పెట్టవలెను.

పడవ విషయములో మాత్రము ఉపేక్ష పనికిరాదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయిన విహార పడవ కచ్చులూరు వద్ద గోదావరి వరదలో మునిగినది. అందులో 77 మంది ఉండగా 26 మందియే బ్రతికిరి. మన కాజీపేట ప్రక్కనున్న కడిపికొండనుండి వెళ్ళినవారు 14 మంది. తిరిగి వచ్చినవారు అయిదుగురు. ఆ దినమున మొదట ఆదుకొన్నవారు సమీప గ్రామస్థులు, తమ చిన్న పడవలతో వచ్చి. మునిగిన పడవను అక్టోబరు 22న పైకి తీసినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము. నీటిని ఎరిగినవారు ఎవరో దీనినిబట్టి తెలియుచున్నది. చెరువు గోదావరి కాదు నిజమే. కాని ఈత రానివానికి పదడుగుల లోతు చాలును.

అమెరికాలో డబ్బు తీసికొని మనుష్యులను ఎక్కించుకొను పడవవాడు తీరరక్షక దళము వద్ద అనుమతి పత్రము పొందవలెను. ప్రత్యేక తనిఖీ లేని చిన్న పడవలో డబ్బిచ్చినవారు 6గురికి మించి ఎక్కరాదు. మన చెరువు పడవకు ముగ్గురు చాలునని నా అభిప్రాయము, పడవవాడు కాక. థర్మోకోలు తెప్ప అలవాటున్న మత్స్యకారునికే గాని చుట్టమునకు తగదు. పుట్టి గిరగిర తిరుగును. చేప పడగానే సంతోషముతో లేచి నిలుచువానితో సహా బోర్లపడును. వెడల్పైన అడుగుగల పడవ కావలెను. లైఫ్ జాకెట్టు గట్టుమీదనే తొడిగి, గట్టుమీదనే విప్పవలెను, ఉక్కపోసినను సరే. మద్యము త్రాగినవానిని ఎక్కించరాదు. ఈ మాట చెప్పుటకు పడవవానికి మొగమాటము కలుగును. అందుకే సంఘము బోర్డుమీద వ్రాసి పెట్టవలెను. ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నము దాటిన తరువాత ఎప్పుడు గాలిదుమారము లేచునో తెలియదు. కనుక ఆ నెలలలో వేట ప్రొద్దుటి పూటకే ముగియవలెను.

చెరువులన్నియు ఒకటి కావు. పాఖాల అభయారణ్యములో నున్నది. అచట అటవీశాఖ మాట లేనిదే ఏదియు జరుగరాదు. ఆ నీటిలో మొసళ్ళున్న సంగతి కూడ మరువరాదు. లక్నవరములో పర్యాటక సంస్థ పడవలున్నవి. అచట వేట పడవకు వేరు మూల కేటాయింపవలెను. ధర్మసాగరము నీరు పట్టణప్రజల త్రాగునీరు; అందులో ఇంధనపు పడవ తిరుగరాదు, తెడ్డు పడవయే మేలు. ఊరి చెరువులకు ఈ చిక్కులు తక్కువ. నిజమునకు ఈ పద్ధతి మొదలుపెట్టవలసినది అచటనే.

ఇక కిరాయి. ఇంత అని నేను నిర్ణయించుట సబబు కాదు. లెక్క మాత్రము ఇట్లు కట్టవచ్చును. పడవవాడు ఆ పూట వలకు పోయినచో ఎంత సంపాదించునో దానికి తగ్గరాదు. దానిపై పడవ అరుగుదల, జాకెట్లు, భీమా, సంఘము వంతు కలుపవలెను. చేప ధర దీనిలో చేరదు. సభ్యులందరికిని వంతులవారీగా పడవ పని రావలెను. లేనిచో ఒకరిద్దరు మాటకారులకే కిరాయి దక్కి, తక్కినవారు గట్టున కూర్చుండవలసి వచ్చును. సహకార సంఘములలో ఈ జబ్బు కొత్త కాదు.

మరొక ప్రమాదము. రాబడి కనుపించగానే గుత్తేదారు వచ్చును. ఏడాదికి ఇంత మొత్తము ముందే ఇచ్చెదను, పడవల హక్కు నాకు వ్రాసి ఇండని అడుగును. చేతిలో పైస లేని కాలమున ఆ మొత్తము పెద్దదిగా కనుపించును. ఒకసారి వ్రాసి ఇచ్చినచో తమ చెరువులో తాము కూలివారగుదురు. అందుచేత పడవ హక్కును బయటివారికి ఇవ్వరాదని సర్వసభ్య సమావేశములో తీర్మానము చేసి పుస్తకములో వ్రాసిన తరువాతనే మొదటి పడవను నీటిలోనికి దింపుట మంచిది. ఈ విషయమున మత్స్యశాఖ అధికారులు సంఘములకు అండగా నిలిచి, పడవకు, జాకెట్లకు సహాయము చేయగలిగినచో ఎంతయో మేలు.

ఆయకట్టు రైతులకు దీనితో నష్టమేమియు లేదు. తూము తెరచు వేళ, మూయు వేళ మారదు. తూము దగ్గరికి, అలుగు దగ్గరికి పడవ రారాదని ముందే చెప్పి పెట్టుకొన్నచో చాలును. తెగిన గాలపు దారమును నీటిలో విడువకుండ చుట్టి తెచ్చుట పడవవాని పని. అది కొంగల కాళ్ళకు చుట్టుకొనును, వలలను పాడుచేయును.

ఈ చలికాలమున మీ ఇంటికి పట్టణమునుండియో, పై దేశమునుండియో వచ్చిన పిల్లలు గాలము వేయుదమని అడిగినచో గట్టున కనుపించిన తెప్పవానిని ప్రక్కకు పిలువక, సంఘము అధ్యక్షుని ఇంటికి తీసికొని పోవలెను. కిరాయి ముందుగా చెల్లించి రసీదు అడుగవలెను. ఎర వారినే తెమ్మనవలెను.