శాస్త్ర విజ్ఞానం: ఒక ఆంప్లిఫయరుకు ఎన్ని స్పీకర్లు?

ప్రశ్న: మా యింట్లో పాటలు వినే ఆంప్లిఫయరు ఉంది. దానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి స్పీకరు బాక్సులున్నాయి. మా నాన్నగారు సరిగ్గా అలాంటివే మరో రెండు తెచ్చారు. ఒక్కో వైపు రెండేసి తగిలించవచ్చునా? తగిలిస్తే ఆంప్లిఫయరు కాలిపోతుందని మా మామయ్య అంటున్నాడు. నిజమేనా?
— ఒక విద్యార్థి, ఈపూరు

జవాబు: మీ మామయ్య మాటలో నిజం ఉంది. అయితే నాన్నగారు తెచ్చిన బాక్సులు వృథా కానక్కరలేదు. తగిలించే పద్ధతిలోనే ఉంది కిటుకంతా.

ముందు బాక్సుల వెనకా, ఆంప్లిఫయరు వెనకా ఉన్న అంకెలు చదవండి. రెంటిమీదా "8 ఓములు" అని ఉన్నదనుకుందాం. విద్యుత్తు పారటానికి కలిగే అడ్డును ఓములలో కొలుస్తారు. ఈ అడ్డును గురించిన సూత్రాన్ని 1827లో ప్రచురించిన ఓమ్ అనే జర్మను ఉపాధ్యాయుడి పేరే దీనికి పెట్టారు. వోల్టులను ఓములతో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల విద్యుత్తు పారుతుందో తెలుస్తుంది.

సాగర్ కాలువకు ఒక తూము ఎత్తితే కొంత నీరు పారుతుంది. పక్కనే అంతటిదే మరో తూము ఎత్తితే రెట్టింపు నీరు పోతుంది. ఎందుచేతనంటే దారులు రెండయినవి, అడ్డు సగమయింది. ఒకే వైపు రెండు బాక్సులను పక్కపక్కన తగిలించినా ఇంతే. దీన్ని సమాంతర సంధానం అంటారు. 8 ఓములు కాస్తా 4 ఓములవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఆంప్లిఫయరు 20 వోల్టులు ఇస్తున్నప్పుడు 8 ఓముల బాక్సులో రెండున్నర ఆంపియర్లు పారుతుంది. 4 ఓములయితే 5 ఆంపియర్లు! 8 ఓములకని తయారైన ఆంప్లిఫయరు ఈ భారానికి వేడెక్కుతుంది. గట్టిగా మోగిస్తే లోపలి ట్రాన్సిస్టర్లు మాడిపోవచ్చు. ఆంప్లిఫయరుమీద "4 ఓములు" అని కూడా రాసి ఉంటే మాత్రం ఇలా తగిలించినా భయం లేదు.

లేకపోతే ఏం చేయాలి? ఆంప్లిఫయరు ఎర్ర కొననుంచి తీగను మొదటి బాక్సు ఎర్ర కొనకు కలపాలి. మొదటి బాక్సు నల్ల కొనను రెండో బాక్సు ఎర్ర కొనకు, రెండో బాక్సు నల్ల కొనను తిరిగి ఆంప్లిఫయరు నల్ల కొనకు కలపాలి. ఇది శ్రేణి సంధానం. ఒక తూము దాటిన నీరే రెండో తూమునూ దాటాలి కాబట్టి అడ్డు 16 ఓములవుతుంది. ఆంప్లిఫయరునుంచి వచ్చే శక్తి సగానికి తగ్గినా, పాట వినే చెవికి పెద్ద తేడా తెలియదు. ఆంప్లిఫయరు చల్లగా ఉంటుంది. ఈ పని పెద్దవాళ్ళచేతనే చేయించండి. ముందు ప్లగ్గు ఊడదీయటం మరవవద్దు.

"మరి కోటప్పకొండ తిరునాళ్ళలో ఒకే ఆంప్లిఫయరుకు పది హారన్లు కడతారే!" అంటారేమో. అలాంటి మైకుసెట్లలో ఆంప్లిఫయరు 100 వోల్టుల లైనుమీద పనిచేస్తుంది. ప్రతి హారనుకూ చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. అది లైనునుంచి తనకు నిర్ణయించినంతే, 10 వాట్లయితే 10 వాట్లే, తీసుకొంటుంది. పది హారన్లకూ కలిపి 100 వాట్లు. ఆంప్లిఫయరు అంత ఇవ్వగలదయితే చాలు. ఇంటి బాక్సులకు ఆ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు.

మరొక్క మాట. బాక్సుమీద "100 వాట్లు" అని ఉంటే అది అంత గట్టిగా మోగుతుందని అర్థం కాదు, అంతవరకు ఓర్చుకోగలదని అర్థం. 50 వాట్ల ఆంప్లిఫయరుకు దాన్ని నిక్షేపంగా తగిలించవచ్చు.

ఇక మీకొక లెక్క: 4 ఓముల బాక్సులు రెండున్నాయి. శ్రేణిలో కలిపితే ఎన్ని ఓములు? సమాంతరంగా కలిపితే ఎన్ని? 8 ఓముల ఆంప్లిఫయరుకు ఏ పద్ధతి క్షేమం? మీరు లెక్క కట్టి, మీ మామయ్యను కూడా అడగండి.