పంతులు పక్క చేలోనే!

పర్యావరణాన్ని కాపాడే నాయకులు ఎక్కడ తయారవుతారు? పెద్ద హోటల్లో సదస్సు, మెడలో బ్యాడ్జీ, చేతిలో విజిటింగ్ కార్డులు... అక్కడా నేర్చుకుంటారు, పరిచయాలు పెంచుకుంటారు. కాదనలేం. కానీ అదే పని పొలం గట్టుమీద కూర్చుని చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చదువుకు ఫీజు లేదు. పరీక్ష మాత్రం ఉంది... పంట చేతికొస్తేనే పాసైనట్టు!

జావాలో తొలి బడి

ఇండొనేషియాలో ఒకప్పుడు వరిని సుడిదోమ ఊడ్చేసింది. మందు కొట్టేకొద్దీ దోమ తగ్గాల్సింది పోయి పెరిగింది. కారణం... దాన్ని తినే సాలీళ్లే ముందు చచ్చిపోయేవి. దాంతో 1986లో అక్కడి ప్రభుత్వం వరిమీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. మరి రైతుకు దారి చూపేదెవరు? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో పొలంబడులు మొదలయ్యాయి. ఇరవై పాతికమంది రైతులు వారానికోసారి చేలోకి దిగుతారు. పురుగులెన్ని, సాలీళ్లెన్ని అని లెక్కపెట్టి, బొమ్మ గీసి, మందు అవసరమో కాదో వాళ్లే తేల్చుకుంటారు. నాట్ల నుంచి కోతల దాకా ఇదే చదువు. బాగా నేర్చినవాళ్లు మరో ఊళ్లో పంతుళ్లయ్యారు. ఆ పద్ధతి 90కి పైగా దేశాలకు పాకింది. మన రైతులకూ 'పొలంబడి'గా పరిచయమే.

పునుకుల చూపిన దారి

తెలుగునేల మీద ఈ చదువుకు ఓ గుర్తు పాల్వంచ దగ్గరి పునుకుల. పత్తికి కొట్టిన మందులు అక్కడ అప్పులు మిగిల్చాయి, ప్రాణాలూ తీశాయి. స్వచ్ఛంద సంస్థల సాయంతో ఊరు వేపగింజల కషాయాన్నీ లింగాకర్షక బుట్టల్నీ నమ్ముకుంది. 2000 తర్వాత కొద్ది ఏళ్లకే రసాయన మందుల్ని వదిలేసింది. ఆ మాట విని ఇతర ఊళ్ల రైతులూ అధికారులూ వచ్చి చూశారు. 2004-05 నుంచి మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పద్ధతి విస్తరించింది. ఆ అనుభవమే 2016లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయానికి పెట్టుబడి అయింది. రెండింటినీ ముందుండి నడిపించిన అధికారి టి.విజయ్‌కుమార్.

ఇక్కడ ముందుగా తన చేలో చేసి చూపిన రైతే తోటివారికి నేర్పుతారు. జీవామృతం ఎలా చేయాలో కాగితంమీద రాసివ్వొచ్చు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి... ఎకరానికి సరి. కానీ మొదటి ఏడాది పైరు పాలిపోతే? పక్కవాళ్లు నవ్వితే? ఆ జవాబు కాగితంలో ఉండదు. 'నా చేనూ ఇట్లాగే ఉండేది, ఆగు' అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి సంఘంలో పక్కన కూర్చునే అక్కే అయితే నమ్మకం ఇట్టే కుదురుతుంది.

దండలో దారం

2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ పురస్కారం ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయాన్ని వరించింది. పది లక్షల యూరోల బహుమతిని శాస్త్రవేత్త రతన్‌లాల్, ఈజిప్టు సంస్థ 'సెకెమ్'తో కలిసి పంచుకుంది. లిస్బన్‌లో జరిగిన వేడుకలో విజయ్‌కుమార్‌తోపాటు వేదికెక్కింది ఓ మహిళా రైతు, నెట్టెం నాగేంద్రమ్మ.

అలాగని అంతా పూర్తయిపోలేదు. 2024 కల్లా 60 లక్షల మంది రైతుల్ని ఇటు మళ్లించాలన్నది 2018లో చెప్పుకున్న లక్ష్యం. గడువు దాటినా అది అందలేదు. ఒక రైతు పూర్తిగా మారాలంటే కొన్నేళ్లు పడుతుంది. అన్నాళ్లూ నేర్పేవారు అందుబాటులో ఉండాలి. పొద్దున తన పొలం, సాయంత్రం పదిమంది పొలాలూ చూసుకునే ఆమెకు గౌరవ వేతనం వేళకు అందాలి. ఆమె మానేస్తే ఆ పదిమందీ మళ్లీ మందుల కొట్టు ముందు నిలబడతారు.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో 30 వేల మంది కృషి సఖులు, సామాజిక కార్యకర్తలకు చోటుంది. కేటాయింపు రూ.2,481 కోట్లు. శిక్షణ ఇచ్చి పంపేస్తే సరిపోదు. వాళ్లు తరచూ కలుసుకోవాలి, గెలిచిన పంటతోపాటు ఓడిన పంట గురించీ చెప్పుకోవాలి. సదస్సులు చేసే పని కూడా అదేగా! కాకపోతే ఇక్కడ తేలాల్సింది వచ్చే ఏడాది ఆ ఇంటి తిండిగింజల లెక్క.