పుట త్రిప్పిన పాఠము

ఉన్నత పాఠశాలలో ఒక పాఠము కలదు. అది అచ్చయినది, బొమ్మలున్నవి, పరీక్షలో ప్రశ్నయు రావచ్చును. బోధన మాత్రము జరుగదు. 8వ తరగతిలో కౌమారదశ, 10వ తరగతిలో మానవ ప్రత్యుత్పత్తి వచ్చుసరికి పెక్కుచోట్ల ఉపాధ్యాయుడు గొంతు సవరించుకొని, "ఇది ఇంటికాడ చదువుకోండ్రి" అని పుట త్రిప్పుట కద్దు. ఉమ్మెత్త పూవును నిలువునా కోసి అండాశయమును చూపిన చేయి మనుష్యుని దగ్గరకు వచ్చుసరికి వణకును. కరీంనగరములోనైనను, ఆదిలాబాదులోనైనను ఈ పుట త్రిప్పుటలో భేదము లేదు.

ఈ మౌనమునకు మర్యాద యని పేరు. 2005లో కేంద్ర ప్రభుత్వము కౌమార విద్యా కార్యక్రమమును ప్రవేశపెట్టగా, 2007 నాటికి పలు రాష్ట్రములు దానిని అడ్డగించినవి. 2009లో ముప్పవరపు వెంకయ్యనాయుడు అధ్యక్షతన గల రాజ్యసభ వినతుల సంఘము పాఠశాలలలో లైంగిక విద్య తగదని నివేదించినది. పసిమనసులు చెడునను ఆ భయమును తేలికగా త్రోసివేయరాదు. అది బిడ్డలను కన్నవారి భయము. కాని ఆ వాదము ఒక్క సంఖ్య ముందు నిలువదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి తెలంగాణలో 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతమునకు 18 ఏండ్లు నిండకముందే వివాహమైనది. "ఇవన్నియు పెండ్లి తరువాత తెలియును" అనువారు, ఆ పెండ్లి బడి విడిచిన వెంటనే జరుగు ఇండ్లను మరచుచున్నారు. అట్టి బాలికకు ఈ పాఠము తొందరపడి వచ్చునది కాదు, ఆలస్యముగనైనను అందనిది.

అదే సర్వేలో 15–19 ఏండ్ల బాలికలలో దాదాపు 65 శాతము రక్తహీనతతో ఉన్నట్లు తేలినది. వారమునకొకసారి బడిలో నీలిరంగు ఇనుప మాత్ర ఇచ్చు పథకము కలదు. నెలనెల పోవు రక్తమునకును ఆ మాత్రకును గల సంబంధము చెప్పనిచో, ఆమె దానిని కిటికీలోనుండి పారవేయుట వింత కాదు.

ఇక సేవల సంగతి. 2014 జనవరిలో ఆరంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము 10–19 ఏండ్ల వారికై ఆసుపత్రులలో ప్రత్యేక సలహా కేంద్రములను ఏర్పరచదలచినది. గదికి బోర్డు కట్టుట సులభము. ఆ తలుపు ముందు ఊరివారే కూర్చుండియుండగా లోపలికి పోవుట సులభము కాదు. పైగా 2012 నాటి పోక్సో చట్టమును బట్టి మైనరు సంగతి పోలీసులకు తెలుపవలెనను భయమొకటి. అయితే గర్భస్రావమునకు వచ్చిన మైనరును, ఆమె సంరక్షకులును కోరినచో, ఆ సమాచారములో ఆమె పేరును, వివరములను వైద్యుడు బయటపెట్టనక్కరలేదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఈ తీర్పును తెలిసిన ఉపాధ్యాయులెందరు?

పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో చిక్కు మరియొకటి. ఉట్నూరు, జైనూరు ప్రాంతముల గోండు, కొలాము బిడ్డలకు తెలుగు ఇంటి భాష కాదు. 'ఋతుచక్రము', 'గర్భనిరోధము' అను మాటలు తెలుగు బిడ్డకే కొరుకుడు పడవు. కరీంనగరపు ఇంటిలో 'పెద్దమనిషైంది' అను మాటకున్న చోటు బడిలో లేదు. బడి మాటకు ఇంటిలో లేదు. ఈ రెంటి నడుమ బాలిక తన బాధ చెప్పుటకు మాట లేక ఊరకుండును. కెస్లాపూరు నాగోబా జాతరలో మెస్రం వంశపు క్రొత్త కోడండ్రను దేవరకు పరిచయము చేయు భేటింగ్ ఆచారము కలదు. నూతన వధువును అంత బాహాటముగా ఆదరించు సమాజము దేహధర్మమును విని బెదరునని తలచుట పట్టణవాసుల అపోహ. దానికి పరాయిది విషయము కాదు, భాష. 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసి, నాగరిలిపిలో గోండీ వాచకములు వచ్చినవి. అక్షరమునకు ఆనాడు దొరికిన మార్గము ఆరోగ్యమునకు నేడు ఎందుకు దొరకదు?

దీనికి క్రొత్త పాఠ్యగ్రంథము అక్కరలేదు. ఉన్న పాఠమును, ఉన్న గంటలో, బాలురను బయటికి పంపక చెప్పిన చాలును. పేరు వ్రాయని చీటీలు వేయుటకు ఒక పెట్టె, జవాబు చెప్పుటకు నెలకొకమారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సు, గూడెములలో గోండీయో కొలామీయో మాటలాడు ఆశా కార్యకర్త. వచ్చు విద్యాసంవత్సరములో ఇంతమాత్రము ఏ ప్రధానోపాధ్యాయుడైనను చేయగలడు.