వార్త చెప్పరాని రేడియో

జహీరాబాద్ ప్రాంతంలో సంఘం రేడియో మాట వస్తే జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మల పేర్లు చెప్పుకోవడం పరిపాటి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల అండతో పైకి వచ్చిన దళిత మహిళలు వీరిద్దరూ. మైకు ముందు మాట్లాడడంతో సరిపెట్టుకోక రికార్డింగు, కూర్పు, ప్రసారం పనులన్నీ స్వయంగా నేర్చుకుని నడిపారు. ఇంత అనుభవం గడించిన వారికి కూడా ప్రభుత్వ నిబంధనలు ఒక్క పని నిషేధించాయి. అది వార్త చెప్పడం.

యునెస్కో సాయంతో మాచనూరులో స్టూడియో 1998లోనే సిద్ధమైంది. లైసెన్సు మాత్రం రాలేదు. పదేళ్లపాటు కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ టేపులను సంఘం సమావేశాలలో వినిపిస్తూ వచ్చారు. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995 ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలకు అనుమతి ఇవ్వడానికి కేంద్రానికి 2006 దాకా తీరిక చిక్కలేదు! ఎట్టకేలకు 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు మొదలయ్యాయి. 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ ఈ కేంద్రాన్ని ప్రారంభించడం విశేషం.

విత్తనాలు, జొన్న, కొర్ర, సామ వంటి పంటలు, ఆరోగ్యం, పండుగలు, పాటలు ఈ రేడియోకు విషయాలు. భాష అక్కడి పొలాలలో వినపడే భాషే. సుదూర కేంద్రాల నుంచి చదివే వార్తలలో ఆ ఊళ్ల పేర్లు రావడం అరుదు. ఊరి మాట ఊరికి చెప్పగల గొంతు దగ్గరలోనే ఉన్నా దానికి ఆ అధికారం లేదు.

వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం గల కార్యక్రమాలు ప్రసారం చేయరాదని 2006 నిబంధనలు ఆంక్ష పెట్టాయి. మరి సమాచారం ఎక్కడ ముగుస్తుంది, వార్త ఎక్కడ మొదలవుతుంది? చౌక ధరల దుకాణానికి బియ్యం వచ్చాయంటే సమాచారం. వచ్చిన బియ్యం పంచలేదంటే వార్త! వానలు పడతాయని చెప్పవచ్చు గాని, వానకు తెగిన చెరువు కట్టను ఎవరూ పూడ్చలేదని చెప్పడానికి మాత్రం జంకవలసిన పరిస్థితి. శ్రోతకు ఏది ఎక్కువ అవసరమో అదే నోట రాకుండా పోతున్నది.

పల్లెలలో కక్షలు, పార్టీలు ఉన్నాయని, రేడియో వాటి చేతికి చిక్కుతుందని కొందరు అధికారుల భయం కావచ్చు. ఆ భయం బొత్తిగా నిరాధారం కాదు. అయితే కక్షలున్న ఊళ్లకే దినపత్రికలు వెళుతున్నాయి, టెలివిజన్ వార్తలూ చేరుతున్నాయి. వాటికి లేని నిషేధం నూరు వాట్ల పల్లె రేడియోకు ఎందుకు? ప్రైవేటు రేడియోలపై ఇదే ఆంక్షను ప్రశ్నిస్తూ కామన్ కాజ్ సంస్థ 2013లో సుప్రీం కోర్టును ఆశ్రయించింది కూడా.

ఒక్కసారిగా తలుపులన్నీ తెరవడం కష్టమనుకుంటే గ్రామసభ తీర్మానాలు, ఉపాధి పనుల కూలి చెల్లింపులు, ఆసుపత్రులు, పాఠశాలల పరిస్థితిపై స్థానిక వార్తలకు ముందుగా అనుమతి ఇవ్వవచ్చు. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్ని మూడు నెలలపాటు భద్రపరచాలని 2006 నిబంధనలలోనే ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ రికార్డింగు తెప్పించుకుని విని, తప్పుంటే చర్య తీసుకోవడానికి అధికారులకు అడ్డేమీ లేదు.