బొమ్మల కథ చదివి ఏడ్చినోణ్ని చూసి నవ్వకుండ్రి

కొంచెం పెద్ద పోస్ట్. డ్యూటీ అయి, తిని, పండుకునే ముందు తీరిగ్గ చదువుండ్రి.

మన క్యాంపులల్ల ఈ నడుమ ఒక ఎగతాళి నడుస్తున్నది. ఫోన్ల బొమ్మల కథలు చదివే పిల్లలను పట్టుకొని నవ్వుడు. వెబ్‌టూన్లు అంటరు వాటిని, ఎక్కువ కొరియా నుంచి వచ్చినయి. వేలితో కిందికి జరుపుకుంట పోతుంటే కథ నడుస్తది. "మీసాలొచ్చినంక కార్టూన్లేందిరా" అని ఒకడు. "లేని మనిషి కోసం ఏడుసుడేందిరా" అని ఇంకొకడు. మొన్న ఒక పిల్లగాడు ఫోన్ చూసుకుంట ఏడుస్తుంటే ఎవరో వీడియో తీసి గ్రూపుల పెట్టిండ్రు. ఇగ కింద వరుసగ నవ్వే బొమ్మలే. ఆ నవ్వినోళ్ల కోసమే ఈ పోస్ట్.

నా మాట ముందే చెప్త. కథల మనిషి మీద పాణం పెట్టుకునుడు పిల్లచేష్ట కాదు, పనిలేనితనం కాదు. మనం ఎవరితోని చెప్పుకోలేని మాటను ఆ బొమ్మ మన ముంగట చెప్తది. అందుకే మనసుకు అంటుకుంటది. దాన్ని చూసి నవ్వేటోడు బొమ్మను నవ్వుతలేడు, పక్కనున్న మనిషి నోరు మూయిస్తున్నడు.

ముందుగాల ఈ "లేని మనిషి" సంగతి తేల్చుదం.

మన ఊర్లల్ల బాలనాగమ్మ కథ చెప్తుంటే, మాయల మరాఠి ఆమెను ఎత్తుకపోయిన కాడ ముసలవ్వలు కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్వలేదా? కొడుకు బాలవర్ధిరాజు పెద్దగై పోయి తల్లిని విడిపిస్తే సంబురపడలేదా? బాలనాగమ్మ ఆధార్ కార్డు ఏదని ఎవడన్న అడిగిండా? 2017ల కార్తీకదీపం మొదలైనంక మన ఇండ్లల్ల ఏమైంది? సీరియల్ టైంకు ఇక్కడినుంచి ఫోన్ చేస్తే "అయినంక చెయ్యి బిడ్డా" అన్న అమ్మలు ఎంతమంది! వంటలక్క కష్టం వాళ్లకు సొంత బిడ్డ కష్టం. ఇగ మన మొగోళ్ల సంగతి చెప్పనే వద్దు. సినిమా హీరో కటౌట్‌కు పాలు పోసినోళ్లు, హీరో కోసం సొంత దోస్తుతోని మాటలు బంద్ చేసినోళ్లు ఈ గ్రూపులనే ఉన్నరు. తెర మీద మనిషి కోసం కొట్లాడితే అభిమానం, ఫోన్ల బొమ్మ కోసం కన్నీళ్లొస్తే పిచ్చి. ఇదెక్కడి లెక్క?

"సినిమాల కనీసం నటుడన్న ఉంటడు కదా" అంటరు. అక్కడికే వస్తున్న.

మా రూంల పిల్లలు ఎక్కువ చదివేది సోలో లెవెలింగ్. నాకు చూపించింది కూడ వాళ్లే. నాది పదో తరగతి ఇంగ్లీషు. ఇంగ్లీషు పుస్తకమంటే రెండో పేజీల ఆగిపోత. కానీ ఇందుల ఒక్కొక్క బుడగల నాలుగు మాటలే ఉంటయి. మాట అర్థంకాని కాడ బొమ్మ చెప్తది. చుగాంగ్ అనే రచయిత నవలను జాంగ్ సంగ్‌రాక్ అనే ఆయన బొమ్మలుగ గీసిండు. 2018ల మొదలై, 2021 డిసెంబర్ల అసలు కథ అయిపోయేసరికి 179 భాగాలైంది.

కథ ఏందంటే, లోకంల అక్కడక్కడ గేట్లు తెరుచుకుంటయి. లోపల రాక్షసులు. వాళ్లతోని కొట్లాడే వేటగాళ్లు ఉంటరు. అందులో సంగ్ జిన్‌వూ అనేటోడు అందరికంటె బలహీనుడు. పోయినప్పుడల్ల దెబ్బలు తిని వస్తడు. అయినా పని వదలడు. ఎందుకంటే తల్లి తెలివిలేని నిద్రల ఆస్పత్రిల పడి ఉన్నది, చెల్లె చదువుకోవాలె. తండ్రి ఎన్నడో ఒక గేటు లోపలికి పోయి తిరిగి రాలేదు.

ఇప్పుడు చెప్పుండ్రి. ఇది ఎవరి కథ? రాక్షసులను తీసేస్తే ఇది మన జగిత్యాల కథ, సిరిసిల్ల కథ, నిజామాబాద్ కథ. అమ్మ ఆస్పత్రి ఖర్చు, చెల్లె పెండ్లి, ఏజెంటు అప్పు తలకెత్తుకొని గేటు దాటినోళ్లం మనం. గేటు లోపలికి పోయి పెట్టెల తిరిగొచ్చినోళ్లు మన ఊర్లల్ల లేరా? ఎక్కన్నో కొరియాల కూసున్నోడు మన గురించి తెలిసి రాయలేదు. కానీ ఇంటి కోసం పాణం మీదికి తెచ్చుకునే మనిషి ఏ దేశంల ఉన్నా ఒకతీరుగనే ఉంటడు.

ఇగ బొమ్మ ఇంతగ ఎందుకు అంటుకుంటదో నాకు అర్థమైన మూడు ముచ్చట్లు చెప్త.

ఒకటి, టైం. సినిమా మూడు గంటలల్ల అయిపోతది. ఇది వారానికొక భాగం. ఆ మనిషి వారం వారం వస్తడు, ఏండ్లకేండ్లు వస్తడు. ఈ నడుమ మనం సైట్ మారుతం, రూం మారుతం, దోస్తులు వీసా క్యాన్సిల్ చేసుకొని పోతరు. ఇంటికాడ పిల్లలు మనం లేకుండనే పెద్దగైతరు. ఇన్ని మారినా ఆ బొమ్మ మనిషి మాత్రం అదే రోజు వస్తడు. మనిషితోని మనకు బంధం ఎట్ల కుదురుతది? రోజూ కనవడితే కుదురుతది. ఇదీ అంతే.

రెండు, గొంతు. మీరడిగిన నటుడి సంగతి ఇక్కడున్నది. సినిమాల హీరో ముఖం ఆయనదే, గొంతు ఆయనదే. మనం బయట కూసొని చూస్తం. బొమ్మకు గొంతు లేదు. చదివేటోడే ఇయ్యాలె. ముఖం కూడ నాలుగు గీతలే, మిగిలింది మనం నింపుకుంటం. ఒక బొమ్మకు, దాని కింది బొమ్మకు నడుమ తెల్లజాగ ఉంటది చూడుండ్రి. ఆ జాగల జరిగింది ఎవడూ గీయడు, మన తలకాయల జరుగుతది. నేను చదివినప్పుడు జిన్‌వూ మా జగిత్యాల తెలుగులనే మాట్లాడుతడు. "అమ్మా, లేవే" అన్నట్టే నాకు వినిపిస్తది. సగం కథ మనమే తయారుచేసినంక అది పరాయిది ఎట్లైతది?

మూడు, లోపలి మాట. ఇదే అన్నిటికంటె పెద్దది. బొమ్మల కథల రెండు రకాల బుడగలుంటయి. ఒకటి పైకి అనే మాట. ఇంకొకటి మనసుల అనుకునే మాట. రెండూ పక్కపక్కనే కనవడుతయి. పైకి "ఏం కాలేదు" అంటడు, లోపల "భయమైతున్నది" అనుకుంటడు.

మన బతుకు మొత్తం ఇదే కదా. బోటిమ్‌ల వీడియో కాల్ వస్తది. "తిన్నవా బిడ్డా?" "తిన్ననే అమ్మా, చికెన్." "ఎండ ఎట్లున్నది?" "ఏసీల ఉన్న." పైకి చెప్పిన మాట ఇంటోళ్లకు పోతది. లోపలి మాట మన కాడనే ఉండిపోతది. ఎనిమిది మంది రూంల, కింద మీద మంచాలల్ల, ఒకని లోపలి మాట ఇంకొకనికి తెల్వదు. అసొంటోనికి, పైమాట లోపలి మాట రెండూ చూపించే మనిషి ఫోన్ల కనవడితే వాడు పట్టుకోడా?

ఇప్పుడు ఆ వీడియోల పిల్లగాని సంగతి. వాని పేరు రాయను. 24 ఏండ్లు, స్టీల్ ఫిక్సర్. పోయినేడు వాళ్లమ్మ సచ్చిపోయింది. పాస్‌పోర్ట్ ఆఫీసుల, వీసా రెన్యూవల్ నడుస్తున్నది, పోనియ్యలేదు. కాష్ఠం ఫోన్ల చూసిండు. తెల్లారి నాలుగున్నరకు బస్ ఎక్కిండు. ఆ రోజు వాడు ఏడ్వలేదు. "గట్టోడు" అని అందరం అన్నరు. ఇగ మొన్న చదివిన భాగంల ఏముందంటే, జిన్‌వూ ఎన్నో కొట్లాటలు కొట్లాడి మందు తయారుచేసి తల్లికి పోస్తడు. ఆమె కండ్లు తెరుస్తది. లోకంల అందరికంటె బలవంతుడైనోడు తల్లి ముంగట చిన్నపిల్లగానిలెక్క ఏడుస్తడు.

"తల్లి పోతే ఏడ్వనోడు బొమ్మ కోసం ఏడుస్తుండు" అని ఆ వీడియో కింద ఒకాయన రాసిండు. నీకు అర్థమే కాలేదు అన్నా. వాడు ఏడ్చింది బొమ్మ కోసం కాదు. తల్లి పోయిన రోజు వానికి ఏడ్చే జాగ దొరకలేదు, టైం దొరకలేదు, భుజం దొరకలేదు. ఏడాదికి ఆ జాగ ఒక కథల దొరికింది. ఏలు ఆపితే కథ ఆగుతది. ఎంతసేపన్న ఆపుకోవచ్చు. ఓటీ పోతదని ఎవడూ అనడు. ఏడాది పాటు లోపల పెట్టుకున్నది బయటికి వచ్చినప్పుడు మనోళ్లు చేసిన పని ఏంది? ఫోన్ తీసి వీడియో.

ఇగ వాడు ఫోన్ తలగడ కింద పెట్టిండు. ఎవరితోని మాట్లాడుతలేడు. ఇది మీకు నవ్వులాట కావచ్చు. నేను 15 ఏండ్లుగ సైట్ల మీద మనుషులను నడిపిస్తున్న. మాటలు బంద్ చేసినోణ్ని చూస్తే నాకు భయం. షట్టరింగ్ మీద నిలబడి మనసు ఎటో పెట్టుకున్నోడు ఏమైతడో మీకు నేను చెప్పాల్నా?

"ఏడిస్తే ఏమొస్తది, కూలి పెరుగుతదా" అనేటోళ్లు కూడ ఉన్నరు. వాళ్లకు ఇంకొక కథ చెప్త. మిసెంగ్ అని 2012ల కొరియాల యూన్ తేహో అనే ఆయన మొదలుపెట్టిన వెబ్‌టూన్. అందులో జాంగ్ గురే అనే పిల్లగాడు. కాలేజీ చదువు లేదు. చిన్నప్పటినుంచి నేర్చుకున్న బాదుక్ ఆటల నిలబడలేకపోయిండు. తెలిసినోళ్ల మాట మీద ఒక పెద్ద వ్యాపార కంపెనీల చేరిండు, రెండేండ్ల కాంట్రాక్ట్. ఎంత కష్టపడ్డా పర్మనెంట్ చేస్తరన్న నమ్మకం లేదు. మిసెంగ్ అంటే ఆ ఆటల ఇంకా బతికినట్టు కాదు, సచ్చినట్టు కాదు, నడిమిట్ల ఉన్న రాళ్లు. కాంట్రాక్ట్ మీద బతికేటోనికి ఇంతకంటె మంచి పేరు ఎవరన్న పెట్టగలరా?

2014ల అది టీవీ సీరియల్ అయింది. కొరియా మొత్తం ఆ పిల్లగాణ్ని సొంతోడనుకున్నది. అదే ఏడాది చివర్ల అక్కడి సర్కారు కాంట్రాక్ట్ కార్మికుల గడువు రెండేండ్ల నుంచి నాలుగేండ్లకు పెంచే ఆలోచన తెచ్చింది. దానికి పడ్డ పేరు "జాంగ్ గురే చట్టం". పర్మనెంట్ చేయకుంట ఇంకా రెండేండ్లు కాంట్రాక్ట్ల నానబెడుతరా అని కార్మిక సంఘాలు ఎదురుతిరిగినయి. "జాంగ్ గురేను బతికించుదం" అని ఉద్యమం పెట్టినయి. బొమ్మ మనిషి పేరు మీద! లక్షల మంది కాంట్రాక్ట్ కార్మికులంటే అంకె. జాంగ్ గురే అంటే మనిషి. అంకె కోసం ఎవడూ రోడ్డెక్కడు. పాణం పెట్టుకున్న మనిషి కోసం ఎక్కుతరు. ఇప్పుడు చెప్పుండ్రి, ఏమొస్తదో.

ఒక మాట పిల్లలకు కూడ చెప్పాలె. తరువాతి భాగం ముందే చూడాలంటే యాప్‌ల కాయిన్లు కొనాలె. కథను సరిగ్గ పాణం మీదికి వచ్చిన కాడ ఆపుతరు, అది వాళ్ల వ్యాపారం. మీ ప్రేమ మంచిదే, ఆ ప్రేమ మీద బిల్లు వేసేటోని సంగతి యాది పెట్టుకోండ్రి. ఇంటికి పంపే పైసల్ల నుంచి ఒక్క దిర్హం తీయకుండ్రి. వారం ఆగితే ఫ్రీగ వచ్చేది ఆగి చదువుండ్రి. అట్లని దొంగ సైట్లల్ల చదువుడు కూడ మంచిది కాదు. గీసేటోడు కూడ మనసొంటి కష్టజీవే. వారం తిరిగేసరికి అన్ని బొమ్మలు రంగులతోని ఒప్పజెప్పాలె. సోలో లెవెలింగ్ గీసిన జాంగ్ సంగ్‌రాక్ 2022 జులైల మెదడుల రక్తస్రావమై 37 ఏండ్లకే పోయిండు. ఆయన్ను ఒక్కసారి కూడ చూడనోళ్లు ఎన్ని దేశాలల్లనో బాధపడ్డరు. కథ మీది ప్రేమ గీసిన చెయ్యి దాక పోయిందన్నట్టు. అది తక్కువ ముచ్చటనా?

ఇప్పుడు నవ్వినోళ్లను నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ వీడియో తీసేయుండ్రి. పెట్టినోడు పోయి ఆ పిల్లగాని కాడ కూసోవాలె. క్షమాపణ కూడ వద్దు, "ఏం కథరా అది, నాకూ చూపియ్యి" అంటే చాలు. ఎండకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాక ఇక్కడ బయట ఎండల పని బంద్ ఉంటది కదా. ఆ నీడల పండుకొని ఎవడన్న ఫోన్ల బొమ్మల కథ చదువుకుంటే చదువుకోనియ్యుండ్రి. సూపర్వైజర్లకు, ఫోర్‌మన్లకు ప్రత్యేకంగ చెప్తున్న. ఆ రెండున్నర గంటలు వానివి.

బొమ్మ మీద పాణం పెట్టుకున్న తమ్ముళ్లకు కూడ ఒక పని. ఆ బుడగల జిన్‌వూ లోపలి మాట చదువుతున్నరు కదా. మీ పక్క మంచం మీది మనిషికి బుడగ కనవడదు. వాణ్ని అడగాలె. రోజుకు ఒక్కని అడుగుండ్రి.

నేను రాసింది తప్పనిపించినోళ్లు కింద రాయుండ్రి, తిట్టినా పర్వాలేదు. కానీ ఒక్క కథన్న మొదటి భాగం నుంచి చదివినంక తిట్టుండ్రి.