రూపాయి బిళ్ళంత బ్యాటరీ

కంప్యూటరు గడియారం తప్పు చూపినంత మాత్రాన డిస్కు మొత్తం తుడిచివేయటం వైద్యం కాదని నా అభిప్రాయం. ఈ మాట చెప్పే అర్హత నేను నష్టపోయి సంపాదించుకున్నది.

మా పాత డెస్క్‌టాప్ ప్రతి ఉదయమూ 2009 జనవరి 1 అని చూపేది. సరిచేస్తే రాత్రి దాకా బుద్ధిగా ఉండేది, మర్నాడు మళ్ళీ మొదటికే. బ్యాంకు సైటు సహా ఏ సైటూ తెరుచుకునేది కాదు. ప్రతి సైటుకూ ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ దాకా చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. 2009లో కూర్చున్న యంత్రానికి అది ఇంకా పుట్టని పత్రం మరి!

బాగుచేయ వచ్చిన కుర్రవాడు "వైరస్ సార్, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు. నేను తల ఊపాను. పత్తి చేలలో, మిరప కల్లాలలో మా గుంటూరు, ప్రకాశం రైతులు వాడే మాటలను నాలుగేళ్ళుగా టైపు చేసి పెట్టుకున్నాను. తాలుకాయ, టిక్కీ వంటివి, వాటి అర్థ వివరణలతో సహా, ఒక్క పూటలో పోయాయి. మరొక ప్రతి తీసి ఉంచుకోకపోవటం నా తప్పే, కాదనను. మర్నాడు తెర మీద యథాప్రకారం 2009 జనవరి 1.

చివరకు పూర్వవిద్యార్థి ఒకడు ఫోనులో అడిగింది ఒక్కటే: "మాస్టారూ, రాత్రిపూట గోడ దగ్గర స్విచ్చి కట్టేస్తారా?" కట్టేస్తాను, కరెంటు దండుగ ఎందుకని. కిటుకంతా అక్కడే ఉన్నది. కంప్యూటరు ఆపినా ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ లోపలి గడియారం దానితోనే నడుస్తుంది. అదీ లేనప్పుడు మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీయే దిక్కు. మా ఇంట్లో అది ఏనాడో నీరసించింది. దాని పేరు సి.ఆర్. 2032. అందులో 20 మిల్లీమీటర్లలో వ్యాసం, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. పేరులోనే వ్యుత్పత్తి ఇమిడి ఉన్నందుకు, అంత దుఃఖంలోనూ ముచ్చటపడ్డాను. ప్లగ్గు పీకి కొత్తది అమర్చి, తేదీ ఒక్కసారి దిద్దితే సరిపోయింది.

తేదీ సరిగానే ఉండి, కాలం కచ్చితంగా అయిదున్నర గంటలో, పన్నెండున్నర గంటలో వెనుకబడితే అది వేరే జబ్బు. బ్యాటరీకి సంబంధం లేదు. యంత్రం గ్రీనిచ్‌లోనో అమెరికా పడమటి తీరంలోనో ఉన్నాననుకుంటున్నది. కాలమండలాల పట్టీలో చెన్నై, ముంబైల పేర్లున్న వరుసను ఎంచుకోవాలి. పంచాంగం ఎరిగిన మిత్రులొకరు ఎనిమిది నిమిషాల తేడాకు కూడా యంత్రాన్నే తిట్టారు. 1906 నుండి మన దేశ కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. దానికి రెండు డిగ్రీలు పడమట ఉన్న గుంటూరులో సూర్యుడు సగటున ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా నడినెత్తికి వస్తే కంప్యూటరు ఏం చేస్తుంది?

రోగం ఏ మాదిరిదో ఒక్క ప్రశ్నైనా అడగకుండా ఫార్మాట్ అనేవారిని ఇకపై గడప తొక్కనీయను. పాత నోటుపుస్తకాలలో మిగిలిన మాటలను మళ్ళీ ఎక్కిస్తున్నాను, 'చ' దాకా వచ్చాను. మిరప కల్లాల మాటలు తెలిసిన మిత్రులు, ఊరి పేరుతో సహా రాసి పంపగలరు.